కంప్యూటర్లో ఈత టీచరు గుండె

"మీతో ఒక విషయం మాట్లాడాలి. మీ గుండెకు సంబంధించింది," అన్నాడతను, కళ్లద్దాలు మూడోసారి తుడుచుకుంటూ.

ఈత టీచరు టీ కప్పు బల్ల మీద పెట్టి, ఆసుపత్రి క్యాంటీన్ చుట్టూ ఓసారి చూసింది.

"చూడండి, మీరు మంచివారే. కానీ పరిచయమై పట్టుమని పది రోజులు కాలేదు. నాకిప్పుడే పెళ్లి ఆలోచన లేదు. ఏమీ అనుకోకండి."

"అది కాదండీ. మీ గుండె లయ తప్పుతోంది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

అతని ఉద్యోగం ఆ ఆసుపత్రి పరిశోధన విభాగంలో. స్కాన్, ఈసీజీ తీసుకుని ఒక్కొక్కరి గుండెకు కంప్యూటర్లో నమూనా కడతాడు. లయ ఎక్కడ తప్పుతుందో అందులో వెతుకుతాడు. జబ్బు గుండెలతో పోల్చడానికి ఆరోగ్యవంతులు కావాలని అడిగితే, "నాకంటే గట్టి గుండె ఎవరికుంది?" అంటూ వచ్చింది ఈత టీచరు.

"చాలా తప్పుతోందా?"

"అప్పుడప్పుడు గుండె ఒకసారి ముందే కొట్టుకుంటోంది. చాలామందికి మామూలే. కానీ మీ నమూనాలో అలా కొట్టుకున్నప్పుడు గుండెను నడిపే కరెంటు ఒకచోట చిక్కుకుని గిరగిరా తిరుగుతోంది. నిజంగా అలా జరిగితే గుండె పరుగందుకుంటుంది, కళ్లు తిరుగుతాయి. నీళ్లలో ఉండగా అయితే..."



"నలభై మంది పిల్లలు నన్ను నమ్ముకుని నీళ్లలోకి దిగుతారు," అందామె మెల్లగా. "మీ కంప్యూటర్ తప్పు చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు. తప్పని తేలితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. డాక్టరుగారు చూసేదాకా మాత్రం నీళ్లలోకి దిగకండి."

తప్పని తేలలేదు. పరీక్షలు కూడా అదే చెప్పాయి.

చికిత్స రోజు వచ్చేదాకా ఆమె ఒడ్డున కూర్చునే ఈల ఊదింది. విసుగొచ్చినప్పుడల్లా అతనికి ఫోన్.

"నా గుండె ఎలా ఉంది?"

"ఏదండీ? మీ దగ్గరున్నదా, నా దగ్గరున్నదా?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి, నమూనా చూపించిన గోరంత చోటును డాక్టరు కాల్చేస్తుంటే, బయట బెంచీ మీద ఆమె తల్లి పక్కన కూర్చున్నాడతను.

"నువ్వెవరు బాబూ?"

"కంప్యూటర్ పని చేస్తానండి."

"మరి ఆ కళ్లద్దాలు అన్నిసార్లెందుకు తుడుస్తున్నావు?"

అతను గబుక్కున కళ్లద్దాలు పెట్టేసుకున్నాడు. తల్లి తన ఫ్లాస్కులోని కాఫీ సగం అతనికి పోసింది.

మూడు నెలలకు చివరి ఈసీజీ బాగుందని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఈతకొలను దగ్గరికి వెళ్లాడు. తల్లి ఒడ్డున తువ్వాలుతో ఉంది. కూతురు పీకల్లోతు నీళ్లలో ఉంది.

"మీ ఫైలు మూసేశాను. ఇక మీరు నా పరిశోధనలో లేరు. కాబట్టి ఒకటి అడగొచ్చు."

"అడగండి."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె గభాలున మునిగింది. పైకి బుడగలు తప్ప ఏమీ రాలేదు. అతను చెప్పులు విడిచి నీళ్ల అంచుకు వచ్చాడు. అంతలో అవతలి ఒడ్డున తల తేలింది.

"చేసుకుంటాను! అక్కడే ఉండండి, మీకు ఈత రాదు!"

పిల్లలు ఈలలు వేశారు.

"మీ అమ్మగారి నంబరు చెప్పు బాబూ," అంది తల్లి, తువ్వాలు భుజాన వేసుకుని.

కంగారులో ఒక అంకె తప్పు చెప్పాడు. "వదినగారూ" అని ఆవిడ ఆప్యాయంగా మొదలుపెడితే, "ఇది టైర్ల షాపమ్మా" అందొక బొంగురు గొంతు.

ఈత టీచరు నవ్వుతూనే మెట్లెక్కి వచ్చింది. చెయ్యి తుడుచుకుని, అతని జేబులోంచి ఫోన్ తీసి, 'అమ్మ' అని ఉన్నచోట నొక్కి తల్లికి అందించింది.