దీవిలో మాయమైన రాతి తల

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. భర్తను జైల్లో వేస్తే, అతను తిరిగొచ్చేసరికి కూతురు నాన్న ముఖం మరిచిపోతుందని. పాప ఈమధ్యే అతన్ని చూసి చేతులు చాచడం నేర్చింది.

అందుకే, జలాశయం చూడడానికి వచ్చినవాళ్ళలో పేరున్న డిటెక్టివ్ ఒకాయన ఉన్నాడని వినగానే, పాపను చంకనేసుకుని రేవుకు పరుగెత్తింది.

“అయ్యా, మా ఆయన పడవ నడుపుతాడు. దీవి మీద మ్యూజియంలో బుద్ధుడి రాతి తల పోయింది. మా ఆయనే తీశాడంటున్నారు. ఇల్లంతా తిరగేశారు, ఏమీ దొరకలేదు. అయినా ఎస్సైగారు వదలట్లేదు. ఒక్కసారి రండయ్యా!”

“సెలవు మీద వచ్చామమ్మా...” అని ఆయన నసిగాడు.

“నీ సెలవు సంగతి నాకు తెలీదా మావయ్యా? పొద్దున్నుంచి హోటలాయన చెప్పులు చూసి ఆయన కాపురం కథ చెబుతున్నావు. పద!” అంది మేనకోడలు. ఆయనకు సహాయకురాలు ఆమే. మావయ్య ఓడిపోవడం ఆమె ఇంతవరకూ చూడలేదు.

“పడవ ఎవరు నడుపుతారు?”

“నేనే. పాపను కాస్త పట్టుకోండక్కా.”

తెడ్డు పడ్డప్పుడల్లా నీళ్ళలో కొండలు చెదిరి మళ్ళీ అతుక్కుంటున్నాయి. అంత కంగారులోనూ ఆమె అలవాటు కొద్దీ చెప్పుకుపోయింది. “ఈ అడుగున పాత బౌద్ధ విహారం ఉందండి. ఆనకట్ట కట్టాక మునిగిపోయింది. దొరికిన బొమ్మలు దీవి మీదకు చేర్చారు.”

“రాత్రి నిద్ర పోలేదా?” అని అడిగాడు డిటెక్టివ్.

“డ్యామ్ గేట్లు ఎత్తేముందు సైరన్ మోగిస్తారు కదండీ. పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఇక తెల్లారేదాకా జోకొట్టడమే.”

దీవి దగ్గర రోజూ పడవ కట్టే చోటు బురదలో ఉంది. ఆమె పడవను వెనకవైపు తిప్పి రాతి మెట్ల దగ్గర ఆపింది. మేనకోడలు కాలు పెట్టగానే జర్రున జారింది.

“పాచి అక్కా, జాగ్రత్త!”

డిటెక్టివ్ వంగి చూశాడు. మెట్టు గుంటలో మిగిలిన చారెడు నీళ్ళలో చిన్న చేప కొట్టుకుంటోంది. దాన్ని దోసిట్లోకి తీసి నీళ్ళలో వదిలి, చేతులు దులుపుకున్నాడు. ఆయన ఈల వేయడం మొదలుపెట్టేసరికి మేనకోడలి గుండె ఎగిరి గంతేసింది. ఈల వేశాడంటే దారి దొరికిందన్నమాటే.

మ్యూజియం హాలు బయట భర్త తల దించుకుని ఉన్నాడు. పక్కన ఎస్సై, ఎదురుగా నిన్ననే పనిలో చేరిన కాపలావాడు. నాన్నను చూడగానే పాప చేతులు చాచింది. ఆమె కళ్ళు తిప్పుకుంది.

“సాక్షి ఉన్నాడు సార్, ఇంకేం కావాలి?” అన్నాడు ఎస్సై.

“రెండే ప్రశ్నలు,” అని డిటెక్టివ్ కాపలావాడి వైపు తిరిగాడు. “ఎక్కణ్ణుంచి చూశావు నాయనా?”

“వెనక మెట్ల మీంచండి. నిన్న ఆఖరి పడవ పోయేముందు అక్కడే కూర్చున్నా. ఇతను తువ్వాల్లో ఏదో చుట్టుకుని పోయాడు.”

“కూర్చున్నావా, నిలబడ్డావా?”

“కూర్చునే, హాయిగా.”

“బట్టలు తడవలేదూ?”

“తడవడమేంటండీ, ఎండకి మెట్లు పొడిగా ఉంటేనూ!”

డిటెక్టివ్ అందర్నీ దగ్గరికి పిలిచాడు. “అవి మునిగిపోయిన విహారం మెట్లు. రాత్రి గేట్లు ఎత్తి నీళ్ళు వదిలితే పొద్దున బయటపడ్డాయి. పాచి ఇంకా ఆరలేదు, చేప ఇంకా చావలేదు. నిన్న సాయంత్రం అక్కడ కూర్చున్నవాడు నీళ్ళలో మునిగి కూర్చోవాలి. ఇక్కడికి కొత్త కాబట్టి ఈయనకి తెలీదు. పొద్దున పడవ అక్కడ ఆగడం చూసి, ఆ మెట్లు ఎప్పుడూ పైకి ఉండేవే అనుకున్నాడు. రాత్రి దీవి మీద ఉన్నది తనొక్కడే. ఆఖరి పడవ పోయాక ఏ పడవా కదల్లేదు. అంటే తల ఇక్కడే ఉంది. అమ్మాయీ, ఈయన గది ముందు ఏముంది?”

“బకెట్లో నానబెట్టిన బట్టలు మావయ్యా! నురగ ఎప్పుడో చచ్చింది, ఉతికినవాళ్ళు లేరు.”

మేనకోడలు ఒక్క పరుగున వెళ్ళి బకెట్లో చెయ్యి పెట్టింది. చొక్కాల కిందనుంచి, సబ్బునీళ్ళు కారుతూ, కళ్ళు మూసుకుని నవ్వుతున్న బుద్ధుడు పైకొచ్చాడు.

“ఒకాయన డబ్బు ఆశ పెట్టాడండీ... మా ఆవిడకి నెలలు నిండాయి...” కాపలావాడు కూలబడ్డాడు.

పాప నాన్న భుజమెక్కింది. తల్లి ఏడ్చింది, నవ్వింది, డిటెక్టివ్‌కి దణ్ణం పెట్టింది. ఒడ్డుకు తిరిగొస్తున్నప్పుడు మాత్రం ఉన్నట్టుండి, “ఆ నెలలు నిండినామెకి ఇక్కడ ఎవరు తెలుసు?” అంది.

అప్పట్నుంచి ఆమె రోజూ వెళ్ళి కాపలావాడి ఇంటి తలుపు తడుతూనే ఉంది. తన భర్త నింద వేసిన ఇంటి మనిషి ముందుకు రాలేక, లోపలామె గడియ తీయడం లేదు. కొత్తవాళ్ళకైతే తీస్తుందేమో. మీరు ఆ కొండల్లో జలాశయం చూడడానికి వెళితే, రేవు పక్కన క్వార్టర్లలో చివరి ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నొప్పులు మొదలయ్యాయేమో, తోడు ఎవరైనా ఉన్నారో లేదో, కాస్త కనుక్కోండి.