తమ్ముడి పాత నంబరు

పొద్దున్నే కళ్ళద్దాల దుకాణం తెరవాల్సిన మనిషి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి ఇవాళే ఆఖరు. బ్యాంకు కాగితాలు, లెన్సుల బిల్లులు, దుకాణం అద్దె రసీదులు అన్నీ సర్దిపెట్టుకుంది. ఇక కావలసింది ఒక్క ఓటీపీ. అది మాత్రం తమ్ముడి ఫోనుకి వస్తుంది.

ఏళ్ళ తరబడి ఆమె రిటర్ను ఆ తమ్ముడు చంటి వేసేవాడు. "ఈ తలనొప్పి నీకెందుకక్కా" అంటూ తన నంబరే పెట్టేశాడు. ఇప్పుడు నంబరు మార్చాలన్నా ముందు ఆ పాత నంబరుకే ఓటీపీ పంపుతానంటోంది వెబ్‌సైటు.

"ఒక్క ఫోనుతో పోయేదానికి ఇన్ని పాట్లా?" అన్నాడు భర్త, పిల్లలు వేసిన బొమ్మలకు మార్కులు వేస్తూ. ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టారు.

"అయితే మీరే చేయండి."

"తమ్ముడు నీవాడు, నోరు జారింది నువ్వు. మధ్యలో నేనెందుకు?"

"నేనేదో కావాలని అన్నట్టు మాట్లాడతారేంటి!"

"కావాలని కాదులే. అన్నావా, లేదా?"

అన్నది. నిరుడు ఇదే బల్ల దగ్గర. బిల్లు రాయకుండా అమ్మిన కళ్ళద్దాలు కూడా లెక్కలో చూపించాల్సిందేనని చంటి పట్టుబట్టాడు. ఆమెకు ఒళ్ళు మండింది. "ఉన్న ఉద్యోగం నిలబెట్టుకోలేనివాడివి, నువ్వా నాకు లెక్కలు నేర్పేది?" అనేసింది. వాడి ఉద్యోగం పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ సంగతి వాడు అందరికంటే ముందు చెప్పుకున్నది అక్కకే.

చంటి సగం తిన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ సాయంత్రమే రిటర్ను పూర్తి చేసి రసీదు పంపాడు. దాని పక్కన ఒక్క మాట లేదు. ఆమె కూడా ఏమీ రాయలేదు. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ ఏడాది గడిపేసింది.

"ఊరందరి చూపూ సరిచేస్తావు," అన్నాడు మాస్టారు మెల్లగా. "ఇంట్లోవాళ్ళే కనబడరు నీకు."

ఆమె ఓటీపీ పంపమని నొక్కి, ఫోను తీసి తమ్ముడి పాత నంబరుకే చేసింది. రెండో రింగుకే ఎత్తింది మరదలు.

"రాసుకోండి వదినా," అంటూ పలకరింపు కూడా లేకుండా ఆరంకెలూ చదివేసింది.

"నేనేనని నీకెలా తెలుసు?"

"ఈ నంబరుకి ఇప్పుడు ఇంకెవరూ చేయరు వదినా. కొత్త ఉద్యోగంలో ఆయనకి వేరే నంబరిచ్చారు. ఇది మీ పన్ను కోసమే రీచార్జి చేయిస్తున్నారు. పొద్దుటి నుంచి చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాం."

ఆమె అంకెలు కొట్టడం మరిచిపోయింది. "వాడున్నాడా?"

"పక్కనే ఉన్నారు. అమ్మకాలన్నీ చూపించారో లేదో అడగమంటున్నారు."

"చూపించానని చెప్పు. ఒక్కటి కూడా దాచలేదని చెప్పు." ఆపైన ఆగలేకపోయింది. "నన్ను క్షమించమని చెప్పమ్మా. నువ్వు కష్టంలో ఉన్నప్పుడు అన్నం పెట్టి మరీ అవమానించానురా చంటీ... ఎన్నిసార్లు ఫోను పట్టుకున్నానో! ఏ ముఖం పెట్టుకుని చేయను?"

ఆమె పైటచెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. మాస్టారు పిల్లల బొమ్మలు పక్కన పెట్టి వచ్చి, భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్కా."

ఏడాది తర్వాత విన్న ఆ గొంతు కూడా తడిగానే ఉంది.

"ఏంట్రా?"

"ఓటీపీ గడువు అయిపోయింది. మళ్ళీ నొక్కు. ఈసారి ముందు అంకెలు కొట్టు, తర్వాత ఏడుద్దువుగాని. నేనెక్కడికీ పోను."