కమానులో ఒక పట్టీ

నల్లా దగ్గర బకెట్ల గొడవ జోరుగా సాగుతున్న పొద్దున, బాలనర్సయ్య బొంబాయి కామాఠీపురా గల్లీలో తన పద్మిని కారు కింద దూరి ఉన్నాడు. వయసులో ఉన్నప్పటి నుంచి టాక్సీగా తిప్పిన బండి అది. పర్మిట్ పోయాక నలుపూ పసుపూ తీయించి తెల్లరంగు కొట్టించాడు. తుక్కుకు ఇచ్చెయ్యమని చాలీలోని ఇళ్లవాళ్లంతా చెప్పారు. కాకి పిల్ల కాకికి ముద్దు, ఆయన వింటాడా!

చేతులు తుడుచుకుంటూ వచ్చి భార్య మంచం మీద ఓ పక్కగా కూర్చున్నాడు. వజ్రమ్మకు వెన్నులో కేన్సర్. ఆస్పత్రిలో రేడియేషన్‌కు, వాళ్ల మాటలో కరెంటు పెట్టించడానికి, ఆ బండిలోనే తీసుకెళ్లేవాడు. గ్రాంట్ రోడ్ దాటేలోపు ప్రతి గుంతకూ ఆమె పెదవి కొరుక్కునేది. అది అద్దంలో చూసి ఆయన ప్రాణం విలవిల్లాడేది.

"ఎనక చక్రాల మీది కమాన్ల ఒక ఇనుప పట్టీ ఎక్కువున్నది వజ్రా. ఊరికి పొయ్యేటోళ్ల సామాను మొయ్యాలని అప్పట్ల నేనే ఎక్కించిన. టాక్సీలోళ్లందరు గట్లనే చేస్తరు. బరువైతే మోస్తది గని, ఖాళీ బండి ఎగిరెగిరి పడ్తది. అది తీసేస్తే నీకు ఊయల లెక్క ఉంటది."

"ఎట్ల తీస్తవు?" అంది వజ్రమ్మ, కళ్లు మూసుకునే.

ఆయన చెప్పాడు. రోజూ చెబుతూనే ఉన్నాడు. ఆమె రోజూ కొత్తగా అడుగుతూనే ఉంది.

కొడుకు రితేశ్ డ్యూటీకి బయల్దేరుతున్నాడు.

"అరే, ఆదివారం ఎటూ పోకు. జాకీ మీద నేను లేపుత, నువ్వు అవతలి దిక్కు పట్టుకుంటే చాలు. మంగళవారం కరెంటుకు పొయ్యేవరకు బండి తయారుండాలె."

"బండి ఇప్పకు నాయినా. గల్లీల లొల్లి చేస్తరు."

"గణపతి మండపానికి జాగ ఉంటది గని నా బండికి ఉండదా? అమ్మ నొప్పి కన్న నీకు గల్లీ ఎక్కువైందా?"

ఆ మాట రితేశ్‌కు సూటిగా తగిలింది. తండ్రి చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు.

"కరెంటుకు పొయ్యేది లేదు. బంద్ చేసిన్రు. ఇంక పెట్టినా ఫాయిదా లేదన్నడు డాక్టర్. ఉన్నన్ని దినాలు ఇంట్లనే ఉంచుకోమన్నడు."

బాలనర్సయ్య తలుపు సందులోంచి మంచం వైపు చూశాడు.

"మీ అమ్మకు ఎరికేనా?"

"నీకు చెప్పొద్దన్నది అమ్మనే."

దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది ఆయనకు. విసురుగా లోపలికి వెళ్లి మంచం ముందు నిలబడ్డాడు.

"నేనేమన్న చిన్న పోరన్నా? ఆడుకోమని బండి చేతికిచ్చి కూసోబెట్టిన్రా?"

వజ్రమ్మ కళ్లు తెరిచింది. ఆ ముఖంలో నొప్పి దాచుకునే ఓపిక కూడా మిగల్లేదు.

"నీ కోసం కాదయ్యా, నా కోసమే అడిగిన. గోలీ ఏసినా నాకు నిద్ర రాదు. నువ్వు పానా పట్టుకొని ఒక్కొక్కటి ఇప్పుతున్నట్టు చెప్తుంటే, నేను మెత్తగ బండిల పోతున్నట్టే ఉంటది. జరసేపు కన్ను పడ్తది. నిజం తెలిస్తే నువ్వు చెప్పుడు బంద్ చేస్తవని భయమైంది."

ఆయన కోపమంతా ఎటు పోయిందో పోయింది. మంచం పట్టె పట్టుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుమ్మంలో నిలబడిన రితేశ్ బూట్లు విప్పేశాడు. వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఆదివారం అవతలి దిక్కు నేను పట్టుకుంట నాయినా," అన్నాడు.

ఆ ఆదివారం వచ్చినా ఆ పని చేసేది లేదని ముగ్గురికీ తెలుసు. బాలనర్సయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ముందుగాల ముందటి టైర్లకు ఇటుకలు అడ్డం పెడ్త. ఎనక జాకీ పెట్టి నిమ్మలంగ..."

కండువా మళ్లీ ముఖానికి అద్దుకున్నాడు.

"ఊఁ," అంది వజ్రమ్మ కళ్లు మూసుకుని. "తర్వాత?"