రూపాయికి మూడు

బుధవారం ఉదయం సాజిదా జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే, దావూద్ గుమ్మంలో కూర్చుని డైరీ చూసుకుంటున్నాడు. అతను నరసరావుపేటలో కాలిపోయిన మోటార్లకు మళ్లీ వైండింగ్ చేసే మనిషి. ఏ మోటారుకు ఎన్ని చుట్లు రాగితీగ పట్టిందో రాసుకునే డైరీ అది. నెలరోజులుగా అందులో వేరే అంకెలు పడుతున్నాయి.

అది ఎనభై ఏడో సంవత్సరం. మండలాలు కొత్తగా వచ్చాయి. మండలాధ్యక్షుడిగా ఎవరు గెలుస్తారన్నది తర్వాతి సంగతి, ముందు పార్టీ టికెట్ ఎవరికి ఇస్తారన్నదాని మీదే పందేలు నడుస్తున్నాయి. నాగేశ్వరరావుకే అని ఎక్కువమంది నమ్మకం. కొందరు గోపాలకృష్ణయ్యకంటున్నారు. దావూద్ పని మీద వెళ్లిన ప్రతి ఊళ్లోనూ రేట్లు కనుక్కునేవాడు. నాగేశ్వరరావుకు రాదని కాస్తే వినుకొండలో రూపాయికి రెండు. ఇక్కడ బస్టాండు దగ్గర జీవరత్నం టీ కొట్లో రూపాయికి మూడు. వినుకొండలో నామినేషన్ పడేదాకా డబ్బివ్వరు. జీవరత్నం అయితే అభ్యర్థి పేరు బయటికొచ్చిన రోజే ఇస్తాడు. ఈ తేడాలు పక్కపక్కన రాసి చూసుకోవడంలో అతనికో సుఖం ఉంది. మోటారు విప్పి తప్పు ఏ చుట్టులో ఉందో వేలితో పట్టుకున్నప్పటి సుఖం లాంటిది. నిన్నటిదాకా ఒక్క రూపాయి కూడా కాయలేదు.

ఆదివారం అన్నం తింటున్నప్పుడు సాజిదా అతనికొక మాట చెప్పింది. నాగేశ్వరరావు భార్య వెంకాయమ్మ కొలతలివ్వడానికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుందట. ఆయన బావి దగ్గర పడిపోయాడట. గుండె బాగా లేదని గుంటూరు డాక్టరు చెప్పాడట. టికెట్ తనకొద్దని, తన మనిషి వీరయ్యకిమ్మని శుక్రవారం హైదరాబాదు వెళ్లి తనే అడుగుతాడట. ఈలోగా సంగతి బయటపడితే గోపాలకృష్ణయ్య తన్నుకుపోతాడు. ఎవరికీ చెప్పొద్దని వెంకాయమ్మ చేయి పట్టుకుందట. సాజిదా ఎవరికీ చెప్పలేదు. మొగుడిని ఆ 'ఎవరి'లో ఆమె ఎప్పుడూ లెక్కేసుకోలేదు.

పక్కింటి జైనాబ్ బీ కూరగాయల సంచితో లోపలికొచ్చింది. బజారంతా ఒకటే గోలట. నాగేశ్వరరావు రేటు ఒక్క పూటలో పడిపోయిందట. రూపాయికి మూడున్నది ఇప్పుడు రూపాయికి రూపాయి ఇస్తామన్నా ఆయనకు వస్తుందని ఎదురు కాసేవాడు లేడట.

"మీ ఆయన పదిహేను వందలు కాశాడంట కదే," అంది నవ్వుతూ. "ఆ ఇంటి మోటారు విప్పేవాడికి ఇంటి గుట్టు తెలవకుండా ఉంటదా అంటున్నారు. గెలిస్తే నాకో చీర పెట్టించు."

కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. జైనాబ్ బీ వెళ్లేదాకా సాజిదా తల ఎత్తలేదు.

"చెప్పారా?" అంది తర్వాత.

"ఒక్కడికి కూడా చెప్పలా. నోరు విప్పితే ఒట్టు."

"పదిహేను వందలు తీసకపోయి జీవరత్నం చేతిలో పెట్టి, నోరు విప్పలేదంటారేంది?"

అతనికి కోపం రావలసింది. రాలేదు. డైరీ వైపు చూశాడు. రెండు ఊళ్ల రేట్లూ ఉన్నాయి, షరతులూ ఉన్నాయి. రాయనిది ఒక్కటే, తను. వినుకొండలో అతనెవరో ఎవరికీ తెలియదు. అక్కడ కాస్తే అది వట్టి డబ్బు. ఇక్కడ అతని చేతిలోంచి వెళ్తే అది కబురు. ఒక్క రూపాయి ఎక్కువ వస్తుందని ఆ కబురును బస్టాండులో పెట్టి వచ్చాడు. తెలియక చేశాడా? జీవరత్నం నోట్లు లెక్కపెడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు తనవైపు తిరిగి చూశారు. ఆ చూపు బాగుంది. ఇన్నేళ్లలో ఆ కొట్లో తన రాకను ఎవరూ గమనించింది లేదు.

"నేను మీకు చెప్పలేదు," అంది సాజిదా. గొంతు పెద్దది చేయలేదు. "నాకు నేను చెప్పుకున్నాననుకున్నా."

కొట్లాట అయితే తట్టుకునేవాడు. డైరీ మూసి పక్కన పెట్టాడు.

ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "గోపాలకృష్ణయ్య మనుషులు అక్కడ టీ తాగరా? వాళ్లకీపాటికి తెలిసే ఉంటది. వాళ్లూరికి పదింటి బస్సుంది, పదండి."

"ఏం మొహం పెట్టుకుని పోయేది?"

"ఉన్న మొహంతోనే."

బస్సులో ఆమె కిటికీ వైపు జరిగి కూర్చుంది. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మామూలుగా అయితే ఈపాటికి ఎన్ని కబుర్లు చెప్పేదో. పద్దెనిమిదేళ్లుగా ఆ కబుర్లు సగం వినీ వినకుండా ఊ కొట్టాడు. వినకుండా వదిలేసినవి ఎక్కడా మిగల్లేదు. విన్న ఒక్కటీ అమ్ముకున్నాడు.

నాగేశ్వరరావు వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. వెంకాయమ్మ ఇద్దరినీ చూసి నవ్వబోయి, సాజిదా ముఖం చూసి ఆగిపోయింది. సాజిదా నోరు తెరిచేలోపు దావూదే చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆమె ఇంట్లో మాటగా చెప్పిందని, బజారుకెక్కించింది తానేనని చెప్పాడు.

నాగేశ్వరరావు కుర్చీలో కాస్త లేచి కూర్చున్నాడు.

"నా గుండెకు ఎంత పలికిందిరా, దావూదూ?"

"రూపాయికి మూడు, అన్నా."

"పర్లేదు. నేనింకా తక్కువనుకున్నా." నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక భార్యతో అన్నాడు, "చొక్కా తెచ్చియ్యవే. వీరయ్యకు కబురంపు. శుక్రవారందాకా ఆగితే లాభం లేదు, ఇప్పుడే బయలుదేరతాం."

దావూద్ తానూ తోడొస్తానన్నాడు. అవసరం లేదన్నాడాయన. ఆ మాటలో కోపం లేకపోవడమే దావూద్‌కు ఎక్కువ గుచ్చుకుంది.

వెంకాయమ్మ చొక్కా తెచ్చింది, సంచి సర్దింది, సాజిదా వైపు మాత్రం చూడలేదు. సాజిదా స్తంభం పక్కన నిలబడే ఉంది. ఆయన వీరయ్యతో కలిసి బయలుదేరాక, వాకిట్లోనే నిలబడి వెంకాయమ్మ అడిగింది.

"నా జాకెట్టు అయిందా?"

"లేదక్కా. గుడ్డ కత్తిరిస్తున్నా."

"చేతులు వదులుగా పెట్టు. పోయినసారి బిగించావు." లోపలికెళ్లబోయి ఆగింది. "నువ్వే తీసుకురా. ఎవరితోనూ పంపకు."

సాజిదా తలూపింది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

బస్సు కోసం రోడ్డుదాకా నడిచారు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత దూరం. పందెం వెనక్కి తీసుకోవడం కుదరదని, గెలిచినా ఆ డబ్బు గుమ్మం లోపలికి తేనని అతనన్నాడు. ఇకమీదట ఆమె దారం ధరా కూరగాయల ధరా తప్ప తనకు మరేదీ చెప్పదనుకున్నాడు. అదే న్యాయమనీ అనుకున్నాడు.

సగం దారిలో ఆమె నడక తగ్గించింది. అతను పక్కకొచ్చేదాకా ఆగింది.

"మెట్లు దిగేటప్పుడు ఆయన గోడ పట్టుకున్నాడు," అంది మెల్లగా. "అక్క చూడకూడదని సంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను చూశా."

దావూద్ ముందు రోడ్డు వైపు, తర్వాత వెనక్కి చూశాడు. వినేంత దూరంలో ఎవరూ లేరు.