పిలిచినోడే వడ్డించాలె

విజేందర్ కొత్త ఇంట్లోకి సామాను దిగకముందే తెల్లబోర్డు దిగింది. దేవుడి పటం పెట్టలేదు, కూర్చోవడానికి కుర్చీ లేదు. కానీ కృష్ణ నీళ్ళు కనిపించే పెద్ద అద్దం కిటికీ పక్కన మేకులు కొట్టి మరీ దాన్ని బిగించాడు. పైన ఎర్రటి అక్షరాలతో "ఈ ఏడాది నేను" అని రాసుకున్నాడు. దాని కింద లక్ష్యాలు. బరువు తొంభై రెండు నుంచి డెబ్బైకి. పొద్దు పొడవకముందే లేవడం. నెలకో పుస్తకం. కోపం మానడం. అన్నిటికంటే కింద, ఇంకా కాస్త జాగా మిగిలింది కాబట్టి, "నిరోషతో రోజూ అరగంట".

నిరోష అతని భార్య. ఆ ఆఖరి లక్ష్యం ఎలా నెరవేరేదంటే, అతను ఆమె ఎదురుగా కూర్చుని ఫోన్‌లో అరగంటకు అలారం పెట్టుకునేవాడు. ఆ అరగంటా అదే ఫోన్‌లో తన వీడియోల కింద జనం ఏం రాశారో చదువుకునేవాడు. అలారం మోగగానే లేచి బోర్డు మీద టిక్కు కొట్టేవాడు. నిరోష ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకునేది.

ప్లాట్లు అమ్మి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక, జీవితం ఎలా గడపాలో జనానికి చెప్పాలని అతనికి బుద్ధి పుట్టింది. నందికొండ డ్యామ్ అవతల, బ్యాక్‌వాటర్ ఒడ్డున ఇల్లు కొన్నది కూడా నీళ్ళ మీద ప్రేమతో కాదు. వీడియోలో తన వెనకాల నీళ్ళు కనిపిస్తే తను చెప్పేదానికి విలువ పెరుగుతుందని. అతనికి ఈత రాదు. పడవ ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. ఇదంతా తెలిసిన నిరోషకు మొగుడంటే గౌరవం పోయి చాలా కాలమైంది. అయితే గౌరవం పోయినా మనిషి మీద ఏదో కొంచెం మిగులుతుంది కదా, అది మిగిలింది. మనిషి బతికుంటే చాలు అనుకునేది.

ఎండాకాలం వచ్చేసరికి బరువు తగ్గకపోగా రెండు కిలోలు పెరిగింది. నీళ్ళు మాత్రం బాగా తగ్గాయి. ఇంటి ముందు బురద తేలి, బురదలోంచి గోడల మొదళ్ళు, ఒక రోలు, పగిలిన బావి గట్టు బయటపడ్డాయి. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన ఊరు అది. ఊళ్ళో వాళ్ళు తలో దిక్కుకు పోయారు. కొన్ని ఇళ్ళవాళ్ళు మాత్రం దగ్గర్లోని గూడెంలోనే మేకలు కాసుకుంటూ ఉండిపోయారు.

ఒక ఆదివారం వాళ్ళంతా గంపలు నెత్తిన పెట్టుకుని బురదలోకి దిగారు. ఎవరి ఇంటి పునాది దగ్గర వాళ్ళు విస్తర్లు పరిచి అన్నం, మాంసం తునకల కూర, కల్లు పెట్టసాగారు. విజేందర్ అప్పుడే "ప్రశాంతత" మీద వీడియో తీసుకుంటున్నాడు. వెనక మేకలు, గంపలు, జనం. అతని ప్రశాంతత చెడిపోయింది. ఫోన్ పట్టుకునే కిందికి దిగాడు.

"ఏందిది? నా ఇంటి ముంగట గీ లొల్లేంది?"

బిక్షమ్మ అనే ముసలామె నడుం నిటారు చేసి చూసింది. "మా ఇండ్లు సారూ ఇవి. మా పెద్దలు ఈడనే పోయిండ్రు. నీళ్ళు దిగిన ఏడు ఇంత బువ్వ పెడ్తం, పోతం."

"సచ్చినోళ్ళకు గీ బురదల పెట్టుడెందుకు? మా ఇంటికి రమ్మను. డైనింగ్ టేబుల్ ఉన్నది, ఏసీ ఉన్నది. సల్లగ కూసోని తింటరు."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. బిక్షమ్మ నవ్వలేదు. "నిజంగనే పిలుస్తున్నవా సారూ?"

"పిలుస్తున్న. ఊరు ఊరంతా రాండ్రి! రోజూ రాండ్రి!" బురద వైపు తిరిగి, వీడియోలో తన మొహం సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటూ, రెండు చేతులూ చాచి అరిచాడు.

ఎవరూ గొడవ పడలేదు. పెద్దలకు వేరే పిలుపు వచ్చినట్టే అనుకుని, పెట్టిన విస్తర్లు ఎత్తి మళ్ళీ గంపల్లో సర్దుకున్నారు. వరండాలోంచి నిరోష అంతా చూస్తూనే ఉంది. వచ్చేటప్పుడు బరువుగా వచ్చిన మనుషులు, అదే అన్నం మోసుకుంటూ, తేలిగ్గా నడిచి వెళ్ళిపోయారు. ఆమెకు అది నచ్చలేదు.

ఆ వారం నుంచే విజేందర్ బరువు తగ్గడం మొదలైంది.

అదీ తిండి మానేసి కాదు. ముందుకంటే రెట్టింపు తినేవాడు. చేయి కడుక్కుని లేవకముందే మళ్ళీ ఆకలనేవాడు. పొద్దున్నే బరువు మిషన్ ఎక్కి చూసుకుని, చిన్నపిల్లాడిలా గంతులు వేసి బోర్డు మీద అంకె మార్చేవాడు. "అన్నీ తింటూ బరువు తగ్గండి" అని వీడియో పెడితే లక్షమంది చూశారు. రహస్యం ఏమిటని అడిగిన వాళ్ళందరికీ "సంకల్పబలం" అని జవాబు రాశాడు. సంకల్పమట! ఉప్మా వాసన వస్తే నిద్రలోంచి లేచి వచ్చే మనిషి.

నిరోష ఒకరోజు అతని కంచంలో మిగిలిన పప్పన్నం చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. తన కంచంలో అదే పప్పు కారంగా, పుల్లగా ఉంది. ఇందులో ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు. నానబెట్టి పిండిన గుడ్డ నమిలినట్టుంది. ఎవరో సారమంతా తీసుకుని పిప్పి వదిలేశారు. ఆమె బయటికి పోయి ఉమ్మేసింది.

తర్వాత నేల మీద తడి కనిపించింది. భోజనాల గది గోడ పొడుగునా, మనుషులు మఠం వేసుకుని కూర్చుని లేస్తే పడేలాంటి గుండ్రటి మరకలు. టేబుల్ దగ్గర కాదు, కింద, ఒకదాని పక్కన ఒకటి, బంతి భోజనానికి కూర్చున్నట్టు. తుడిస్తే చెరువు అడుగు బురద వాసన వచ్చేది. మర్నాడు రాత్రి భోజనం కాగానే మళ్ళీ అవే మరకలు. కొత్తగా ఇంకొన్ని. ఒకసారి అన్నం వడ్డిస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో విజేందర్ ఫోన్ వెతుక్కుంటున్నాడు... ఇంకా ముద్ద నోట పెట్టలేదు... గోడ వైపు నుంచి మెత్తగా, తొందర లేకుండా, నమిలే చప్పుడు.

దవాఖానలో పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. నిరోష గూడేనికి పోయింది. బిక్షమ్మ మేకకు తుమ్మకాయలు వేస్తూ, ఈమెను చూసి కూడా తల తిప్పుకుంది.

"అవ్వా, మా ఆయన తెల్వక అన్నడు."

"తెల్వక అనలే బిడ్డా, బలుపుతోని అన్నడు. నిజంగనేనా అని నేను అడిగిన కూడ."

"ఇప్పుడేం చెయ్యాలె?"

"నాకేం ఎరుక? మా అవ్వ చెప్పేది. పిలిచినోడే వడ్డించాలె. తన చేత్తోని, బంతి చివరిదాకా, ఒక్కల్ని ఇడవకుంట. కడుపు నిండిందా అని అడిగి సాగనంపాలె. మధ్యల అన్నం అయిపోయింది అనొద్దు."

"అంటే ఏమైతది?"

"ఏమో. గట్లన్నోళ్ళు ఎవరు మిగిలిన్రని నాకు చెప్పనీకి?" అని బిక్షమ్మ మేక వెనక పోయింది. ఆమె మొహంలో జాలి ఉందో, లోలోపల సంబరం ఉందో నిరోషకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి నిరోష చెప్పిందంతా విజేందర్ విన్నాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. బోర్డు వైపు చూశాడు. చెంపలు లోపలికి పోయి, మెడ నరాలు తేలి, పెళ్ళి ఉంగరం వేలికి నిలవక దారం చుట్టుకున్న మనిషి, ఎంతో ఆలోచించి ఇలా అన్నాడు: "ఇంక నాలుగు కిలోలే ఉన్నయ్. డెబ్బైకి వచ్చినంక పంపుదాం. మంచిగ పని చేస్తున్నోళ్ళను మధ్యల ఎట్ల పంపుత?"

నిరోషకు చెంప మీద కొట్టాలనిపించింది. ఏడుపూ వచ్చింది. చచ్చినవాళ్ళను కూడా జీతం లేని పనివాళ్ళుగా లెక్కేసుకునే మనిషిని ఏ మాట చెప్పి బతికించుకోవాలి? కాళ్ళ మీద పడి బతిమాలింది. అతను అలారం మోగేదాకా ఓపిగ్గా విని, టిక్కు కొట్టుకున్నాడు.

ఎగువన వానలు పడి నీళ్ళు మళ్ళీ పైకి వచ్చాయి. ఊరు మునిగింది. అలలు మెల్లగా వరండా మెట్ల దాకా ఎక్కాయి. ఒక సాయంత్రం మిషన్ మీద డెబ్బై కనిపించింది. విజేందర్ బోర్డు మీద ఆ అంకె చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, "ఇగ వండు. ఈ రాత్రికి పంపేద్దాం," అన్నాడు. పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా అన్నాడు. దాన్ని కూడా వీడియో తీస్తానని ఫోన్‌ను స్టాండుకు తగిలించాడు.

నిరోష బగోనె నిండా అన్నం వండింది. దీపాలు పెట్టే వేళకు గాలి లేచి కరెంటు పోయింది. ఫోన్ వెలుగు గోడ మీద పడుతోంది. గోడ వెంబడి విస్తర్లు పరిచారు. విజేందర్ గంటె పట్టుకుని మొదటి విస్తరి ముందు వంగాడు.

"తినుండ్రి... తినుండ్రి... మొహమాటపడకుండ్రి," అన్నాడు ఫోన్ వైపు కన్నుకొడుతూ.

అన్నం విస్తరిలో పడింది. పడ్డచోటే కుంగింది. తెల్లటి మెతుకులు బూడిద రంగుకు తిరిగి, ఒకదానికొకటి అతుక్కుని, పిప్పిలా మిగిలాయి.

అతను కన్నుకొట్టడం మానేశాడు.

రెండో విస్తరి. మూడోది. గోడ అయిపోయింది. అక్కడితో బంతి అయిపోలేదు. వరండాలో తడి మరకలు... వరండా దాటి మెట్ల మీద... మెట్లు దిగి, నీళ్ళ అంచున... అవతల చీకటి.

"గీళ్ళెంతమంది ఉన్నరు?" గుసగుసగా అడిగాడు.

"నువ్వు ఊరు ఊరందర్నీ పిలిచినవ్," అంది నిరోష. ఆ క్షణంలో కూడా ఆమె గొంతులో కసి దాగలేదు.

అతను దిగిపోయాడు. నిరోష ఇంకో బగోనె పొయ్యి మీద పెట్టింది. కాసేపటికి ఖాళీ గిన్నెతో తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. "నీళ్ళల్ల కూసున్నరు," అన్నాడు. అన్నం తీసుకుని పోయాడు. మళ్ళీ వచ్చేసరికి నడుము దాకా తడిసి ఉన్నాడు. ఆ తర్వాత ఛాతీ దాకా. చీకట్లోంచి అతని గొంతు మాత్రం వినిపిస్తూ ఉంది. "తినుండ్రి తాతా... కడుపు నిండిందా అవ్వా... జర జరుగు బిడ్డా..." ఆ మనిషి ఎవరినైనా అంత మర్యాదగా పిలవడం ఆమె ఎన్నడూ వినలేదు. భయంతో వచ్చిన మర్యాద. అయినా వినడానికి బాగుంది.

బియ్యం బస్తా దులిపింది. నూకలు వండింది. అటుకులు నానబెట్టి ఇచ్చింది.

ఈసారి అతను వచ్చేసరికి తల వెంట్రుకల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గడప మీద నిలబడి ఖాళీ బగోనె చాచాడు. నిరోష చేతిలో ఏమీ లేదు. నోరు జారింది.

"అయిపోయింది."

అన్నాక గాని గుర్తుకు రాలేదు, అనకూడదని.

అతను కసరలేదు. బగోనెను చప్పుడు కాకుండా కింద పెట్టాడు. లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని, మఠం వేసుకుని కూర్చున్నాడు. తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఎంతో అలసిన, మెత్తటి చూపు.

"నువ్వు తిన్నవా?" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో విజేందర్ ఆ మాట అడగలేదు. జ్వరంతో పడుకున్న రోజు కూడా అడగలేదు.

అప్పుడు దూరంగా, నీళ్ళ మీంచి, ఒక అరుపు.

"నిరోషా! అన్నం తే! ఏం చేస్తున్నవే లోపట, నిద్రపోయినవా?"

విజేందర్ గొంతు. వణుకుతోంది, కోపంగా ఉంది. అనుమానం అక్కర్లేదు... అది తన మొగుడే. నీళ్ళు గొంతు దాకా వచ్చిన మనిషి అరుపు.

నిరోష తలుపు దాకా పోయింది. తలుపు తెరిచే ఉంది. ఒక్క కేక వేస్తే అతనికి వినబడుతుంది. దారి తెలుస్తుంది. ఆ కేకను బట్టి ఒడ్డుకు వస్తాడు. వచ్చి, ఎందుకు ఆలస్యం చేశావని తిడతాడు. రేపు దీని మీద వీడియో పెడతాడు.

ఆమె తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. చేయి వణకలేదు. దానికే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది.

"లేదు," అంది గోడ వైపు తిరగకుండానే. "ఇంకా తినలే."

"రా, కూసో," అంది వెనక గొంతు.

బయట మళ్ళీ అరుపు. "నిరోషా! ఇనబడుతలేదా? ఏడున్నవే?"

దానికి జవాబు వచ్చింది. బయటి నుంచే... నీళ్ళ మీంచే... అతనికి బాగా దగ్గర్నుంచి. ఒక ఆడగొంతు, కొంచెం విసుగ్గా, ఇంట్లో రోజూ పలికినట్టే పలికింది.

"వస్తున్న... జర ఆగు. తెస్తున్న."

నిరోష రెండు చేతులతో తన నోరు మూసుకుంది. ఆ గొంతు ఆమెదే.