సున్నపుకొట్టులో పార చప్పుడు

చీపురుపల్లి దాపున ఉన్న ఆ ఉక్కు కార్ఖానాలో, పొద్దుగుంకిన తరువాత పని ఉంటే తప్ప సున్నపుకొట్టు వైపు కన్నెత్తి చూచేవారు కారట. పూర్వమెప్పుడో గోడ కూలి అక్కడ ఒక కూలివాడు పోయినాడు. నాటినుండి చీకట్లో పార కదులుతుందనీ, పట్టిన చేయి మాత్రం కనబడదనీ ప్రతీతి.

అరవైల చివరి మాట ఇది. నా మేనత్త కుమారుడు అనంతపద్మనాభం తలవంచుకొని చెప్పగా విన్నాను.

అతడు విజయనగరంలో వేదం పలికే ఇంట పుట్టినవాడు. కార్ఖానాలో అతని ఉద్యోగం— ఏ వేళకు కొలిమిలో ఉక్కు కరగాలో, ఏ మనిషి ఎక్కడ నిలవాలో నిర్ణయించి, సంబంధించిన వారందరికీ తెలియజేయడం.

ఆ రాత్రి కొలిమిలో ఉక్కు మరుగుతున్నది. అందులోని మాలిన్యం విడిపోవడానికి సున్నం పడాలి... సున్నం రాలేదు. ఇంకా జాగయితే కరిగినదంతా వ్యర్థం. తెల్లవారితే కార్ఖానా దొరగారి ముందు నిలబడవలసినవాడు అతడే.

పరుగున వెళ్లి చూస్తే, మేస్త్రీ అసిరయ్య మోతగాళ్లతో సహా కొట్టుకు ఇవతలే ఆగిపోయి ఉన్నాడు.

"పార సప్పుడు ఇనపడతన్నాది బాబూ," అన్నాడు గుసగుసగా. "రాతిరోడు జరమొచ్చి రానేదు. లోపల ఇంకో మనిసున్నాడని మాకెవుడూ సెప్పనేదు."

అనంతపద్మనాభం మూఢులని మందలించాడు.

"అయితే తమరే ముందు ఎల్లండి. మంత్రాలొచ్చినోరు కదా... మా ఎనక నిలబడతారెందుకు?"

ఆ ఎత్తిపొడుపు తగిలింది. లాంతరు పుచ్చుకొని కదిలాడు. గుమ్మం దాటగానే గాలికి దీపం ఆరింది.

సర్ర్... సర్ర్...

పార చప్పుడే. వెనుకనుండి కొలిమి ఎర్రకాంతి ఒక్క క్షణం లోనికి పడింది. అప్పుడు కనబడింది— నిలువెల్లా తెల్లని ఆకారం. జుట్టు తెలుపు, కనురెప్పలు తెలుపు. ఆ రెప్పలు మూసి ఉన్నాయి. చేతులు మాత్రం ఉత్త పారను ఎత్తుతున్నాయి... దించుతున్నాయి... ఎత్తుతున్నాయి.

అది తూలుతూ అతనివైపే ఒక అడుగు వేసింది.

రామతీర్థపు స్వామిని తలచుకొన్నాడు. చేతికందిన సున్నపురాయి తీసి, బలంకొద్దీ విసిరాడు.

"అమ్మా..."

ఆకారం కూలింది. దెయ్యానికి అమ్మ ఉంటుందా?

అరుపు విని అసిరయ్య మరో లాంతరు తెచ్చాడు. వెలుగులో పడి ఉన్నవాడు, ఒళ్లంతా సున్నపుపొడి కప్పిన పగటి కూలి నూకయ్య. నుదుటి తెలుపును చీల్చుకొని నెత్తురు జారుతున్నది.

అప్పుడు జ్ఞప్తికి వచ్చింది అనంతపద్మనాభానికి. పగలంతా పని చేసి, సాయంకాలం ఇంటికి మళ్లిన నూకయ్యను వాకిట ఆపినది తానే. రాత్రిపూట పనివాడికి జ్వరం, నీవే ఉండి గంపలు నింపుమన్నదీ తానే. ఆ మాట అసిరయ్యకు చెప్పడం మరచినదీ తానే. తెల్లవారుజామునుండి పార దించని ఆ మనిషి నిలుచున్నచోటే నిద్రపోయినాడు; చేతులకు మాత్రం నిద్ర రాలేదు.

నూకయ్య కళ్లు తెరిచి, ఎదుట ఎవరున్నారో చూచి, లేవబోయినాడు.

"కునుకు పట్టేసినాది బాబూ... గంపలు నింపేసినాను. పనిలోంచి తీసెయ్యకండి."

గోడవారగా నిండు గంపలు బారు తీరి ఉన్నాయి.

అసిరయ్య వంగి, తలగుడ్డతో నెత్తురు అదిమాడు. "నిన్నెవుడు రమ్మన్నాడ్రా ఇక్కడికి?"

నూకయ్య చూపు మెల్లగా పైకి లేచి, అనంతపద్మనాభం ముఖం మీద ఒక్క క్షణం నిలిచింది. తరువాత దిగిపోయింది.

"నానే వచ్చినాను మావా."

మోతగాళ్లు భయం తీరి నవ్వుకొంటూ గంపలెత్తుకొన్నారు. ఉక్కు వేళకే సిద్ధమైంది.

నిజం చెప్పవలసినవాడు అక్కడే, దీపం పక్కనే నిలబడి ఉన్నాడు. చెప్పలేదు.