పదిహేడో నంబరు కథ

"చివరికి ఇద్దరికీ పెళ్లవుతుందని అట్ట చూస్తేనే తెలుస్తోంది. మళ్లీ మూడొందల పేజీలు చదవడం ఎందుకండీ?"

అరుంధతితో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదే. ఇంతకన్నా తెలివితక్కువ పలకరింపు, ఢిల్లీ పక్కనున్న మా వైశాలి మొత్తంలో ఇంకెవరూ చేసి ఉండరు.

మా తెలుగు సంఘానికి కమ్యూనిటీ హాల్లో రెండు బీరువాల లైబ్రరీ ఉంది. వారమంతా గురుగ్రామ్‌లో కోడ్ రాసి, ఆదివారం పొద్దున్న అక్కడ కూర్చుని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవాణ్ణి. జీతం లేని పని కాబట్టి, వచ్చినవాళ్ల అభిరుచి మీద రెండు మాటలు అనే హక్కు నాకుందని నా నమ్మకం.

ఆమె ప్రేమ నవలను బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దున్న టిఫిన్ ఏం చేశారు?"

"ఇడ్లీ."

"ఎలా ఉంటుందో తెలీకుండానే తిన్నారా? చివర్లో అది దోసె అయిపోతుందేమో అని సస్పెన్స్ కోసం తిన్నారా?"

వెనక నిలబడ్డ ఆంటీలిద్దరు పకపకా నవ్వారు.

"ఇడ్లీ మెత్తగా ఉందా లేదా చూడాలి భయ్యా. బిర్యానీలా లేదు అని తిట్టకూడదు. జర స్టాంపు వేసి ఇవ్వండి."

మిగతాదంతా సహించాను గానీ, ఆ 'భయ్యా' మాత్రం గట్టిగా తగిలింది.

తర్వాతి ఆదివారం టిఫిన్ బాక్సులో ఇడ్లీ తీసుకెళ్లి క్షమాపణ చెప్పాను. ఒకటి తిని, "కొంచెం గట్టిగా ఉంది. కానీ ఇడ్లీయే. ఠీక్ హై," అంది. అలా మొదలైంది మా స్నేహం. ఒక నెలకి 'భయ్యా' పోయింది, ఇంకో నెలకి 'మీరు' పోయింది.

అరుంధతి ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, ఆమె కూడా ఒక మంత్రిత్వశాఖలో ఉద్యోగి. ఇంట్లో తెలుగు మాట్లాడినా, అక్షరాలు మాత్రం ఇరవై రెండేళ్లు వచ్చాక సొంతంగా నేర్చుకుంది. అదీ ప్రేమ నవలలు పట్టుకుని.

"కథ ఎటు వెళ్తుందో ముందే తెలుసు కదా. అందుకే తెలీని మాటలు కూడా అర్థమైపోయేవి," అని చెప్పింది ఒకసారి. "నువ్వు చదివే సీరియస్ పుస్తకాలతో మొదలుపెట్టి ఉంటే, ఇప్పటికీ నీతో హిందీలోనే మాట్లాడేదాన్ని."

ఆ మాట విని ముచ్చటపడ్డాను. కానీ ఆలోచించలేదు. ముచ్చటపడటం తేలిక.

జూలైలో ఒక సాయంత్రం వైశాలి మెట్రో మెట్ల కింద ఇద్దరం వానకి ఇరుక్కుపోయాం. ఆటోలు ఒక్కటీ ఆగడం లేదు. ఆమె జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలోని సంచీని మాత్రం చంటిపిల్లని పట్టుకున్నట్టు గుండెకి అదుముకుంది.

"ఏముంది అందులో? ఆఫీసు ఫైలా?"

"అలాంటిదే. ఇవాళే లాస్ట్ డేట్."

వానకి ధైర్యం ఎక్కువైందో ఏమో, నాలుగు నెలలుగా దాచుకున్న మాట అప్పుడే బయటపెట్టాను.

"అరూ, నువ్వంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకుందామా?"

ఆమె నా వంక చూసింది, తర్వాత సంచీ వంక చూసింది, చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

"జవాబు ఎప్పుడో రెడీ అయిపోయింది శ్రీహర్షా. సంఘం ఫంక్షన్ రోజు వింటావు. స్టేజి మీద నుంచి వింటావు, చూడు."

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"అచ్ఛా, అంత తేలిగ్గా చెప్పేస్తే మజా ఏముంది?"

ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నేను తడుస్తూ నడిచాను. జలుబు కూడా హాయిగానే ఉంది ఆ వారం.

ఆ వారంలోనే సంఘం కార్యదర్శి భీమేశ్వరరావు గారు ఒక లావుపాటి కట్ట నా చేతిలో పెట్టారు. కథల పోటీకి వచ్చిన ప్రేమ కథలు, మొత్తం ముప్పై ఒకటి.

"పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. నువ్వే జడ్జివని ఫంక్షన్ దాకా ఎవరికీ చెప్పకూడదు," అన్నారు.

"సార్, నాకు సాంఘిక కథల విభాగం ఇవ్వండి. ప్రేమ కథలు నేనెక్కడ చదవగలను?"

"పెళ్లికాని కుర్రాడివి, నీకు కాక ఎవరికిస్తానోయ్? ఒక్కొక్కరికీ నాలుగు మాటలు రాసిపెట్టు. పాపం, ఆశగా చూస్తారు."

ఆ ముప్పై ఒక్క కథలనీ నేను ఎలా చదివానో దాచకుండా చెబుతాను. మెట్రోలో నిలబడి మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసేవాణ్ణి. ఆఖర్లో ఇద్దరూ కలిస్తే మూడు మార్కులకి మించేవి కావు. రాజీవ్ చౌక్‌లో రైలు మారేలోపు నలుగురి సంగతి తేల్చేసేవాణ్ణి. ఒక కథలో ఆఖరికి నాయిక చచ్చిపోయింది, అందులో లోతు ఉందనిపించి మొదటి బహుమతి రాసేశాను.

సెప్టెంబరు మొదటి ఆదివారం ఫంక్షన్. పోటీలో పాల్గొన్నవాళ్లకి వాళ్ల కథా, దాని మీద జడ్జి రాసిన కాగితమూ గుమ్మం దగ్గరే కవర్లో పెట్టి ఇచ్చారు. అరుంధతి ఆకుపచ్చ చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. ఆమె చేతిలో కూడా కవరు కనిపించాక గానీ, ఆ రోజు సంచీలో ఉన్నదేమిటో నాకు తట్టలేదు. ఆమె దాన్ని తెరిచి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

అప్పుడే భీమేశ్వరరావు గారు మైకులో అన్నారు: "ప్రేమ కథల న్యాయనిర్ణేత, మన లైబ్రరీ శ్రీహర్ష. చప్పట్లు."

నా భుజాల మీద శాలువా కప్పారు. మూడో వరసలో ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బతికిపోయేవాణ్ణి.

హాలు బయట టీ బల్ల దగ్గర దొరికింది. కాగితం నా ముందు పెట్టి, నేను రాసింది నాకే చదివి వినిపించింది.

"పదిహేడో నంబరు. మొదటి పేజీలోనే ముగింపు తెలిసిపోయింది. నాయిక ఇంత తేలిగ్గా 'సరే' అనడం నమ్మేలా లేదు. సాహిత్య విలువ శూన్యం. పదికి రెండు."

"నీదని తెలీదు అరూ."

"తెలిస్తే ఎంత వేసేవాడివి?"

'పది' అనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది.

"చూశావా, అదీ అన్యాయమే," అంది. "నచ్చకపోతే బాధ లేదు యార్. నా తెలుగు ఎంతో నాకు తెలుసు. కానీ ఇది చూడు."

కథ తీసి చూపించింది. ఆ రోజు వానకి తడిసి మూడో కాగితం, నాలుగో కాగితం అతుక్కుపోయాయి. అవి ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె గోటితో మెల్లగా విడదీసింది.

"నువ్వు ఇందులో వస్తావు. ఫస్ట్ ప్రైజ్ వస్తే స్టేజి మీద చదివిస్తారు కదా, నీ జవాబు అందరి ముందూ వింటావు అనుకున్నా. పాగల్‌ని."

"ఇప్పుడు చదువుతాను. ఇవ్వు."

"నాదని చదవకు. మిగతా ముప్పైమంది కూడా నాలాగే కూర్చుని రాసి ఉంటారు."

కథ నాకిచ్చి, వాళ్ల అమ్మానాన్నలతో కలిసి వెళ్లిపోయింది.

సంఘం బీరువాలో మిగతా కథల జిరాక్సులు ఉన్నాయి. మూడు వారాల పాటు ముప్పై ఒక్కటీ పూర్తిగా చదివాను. చాలావరకు మామూలు కథలే. ఆరేడు మాత్రం నిజంగా బాగున్నాయి, వాటిలో రెండింటికి నేను ఒకటీ ఒకటిన్నరా వేశాను. చచ్చిపోయిన నాయిక కథ ఎందుకూ పనికిరాదు. కొత్తగా రాసిన అభిప్రాయాలు పట్టుకెళ్తే భీమేశ్వరరావు గారు తల పట్టుకున్నారు. "బహుమతులు ఇచ్చేశాం కదయ్యా, ఇప్పుడు నేను ఎవరి దగ్గర వెనక్కి తీసుకోను?" అన్నారు. అయినా అందరికీ పోస్టు చేయించారు.

పదిహేడో నంబరు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న చదివాను. లక్ష్మీనగర్‌లో బట్టలు కుట్టే అమ్మాయి, ఆమె దగ్గరికి చొక్కా తెచ్చి నోరు జారే కుర్రాడు. మొదటి రెండు పేజీలు నత్తనడక, అక్షర దోషాలు బోలెడు. కానీ మూడో పేజీ నుంచి నవ్వకుండా ఉండలేకపోయాను. ఆ కుర్రాడు ఆమె మాట పూర్తయ్యేదాకా వింటాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవడు. 'సరే' అని ఆమె అనేసరికి, ఎప్పుడంటుందా అని నేను కూడా ఎదురుచూస్తూ ఉన్నాను. ప్రేమ కథ చేయాల్సిన పని అదే, అది చేసింది.

రెండు పేజీల అభిప్రాయం రాశాను. మార్కులు వేయలేదు. తప్పులు తప్పులని, మంచి మంచని రాశాను. ఆఖర్లో ఒక్క వాక్యం మాత్రం కావాలని చేర్చాను: 'నాయకుడు మరీ మంచివాడు. ఇలాంటి అబ్బాయి ఎక్కడా ఉండడు.' ఆమె నవ్వి 'ఎందుకుండడు, ఉన్నాడు' అంటుందని నా లెక్క.

అక్టోబరులో ఒక ఆదివారం, పోస్టులో అందిన కవరు పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. నా ఎదురుగా కూర్చుని రెండు పేజీలూ తొందరపడకుండా చదివింది. కొన్నిచోట్ల పెన్సిలుతో నాతో వాదించింది: ఇది నత్తనడక కాదు, ఇది తప్పు కాదు మా ఇంట్లో ఇలాగే అంటాం, అని. అరగంట పట్టింది. నేను ఒక్కచోట కూడా అడ్డుపడలేదు.

"బాగా చదివావు. థాంక్స్," అంది.

"మరి నా జవాబు?"

"అది కథలో అమ్మాయి చెప్పిన జవాబు శ్రీహర్షా. కథలో అబ్బాయికి."

"ఆ అబ్బాయి నేనే కదా?"

ఆమె కాగితాన్ని నా వైపు తిప్పింది. నేను ఆఖర్లో రాసిన వాక్యం దగ్గర పెన్సిలు ఆనించింది.

"మిగతావాటితో గొడవపడ్డాను గానీ, ఇదొక్కటి కరెక్టుగా పట్టుకున్నావు. అలాంటివాడు ఉండడు. నేనే ఎక్కువ ఊహించుకున్నా."

ఆ వాక్యం పక్కన చిన్న టిక్కు పెట్టింది. నేను రాసిన విమర్శ మొత్తంలో ఆమె ఒప్పుకున్నది అదొక్కటే.